గాయకుని జీవితము – చలనచిత్రము

మహాపురుషుల చరిత్రలను చలనచిత్రములుగా తీయుట ఎప్పుడును కష్టమైన పనియే. అందులోను గాయకుని చరిత్రము మరింత కష్టము. యోధుని కథలో యుద్ధమున్నది; దేశనాయకుని కథలో సభ యున్నది, చెరసాల యున్నది. ఇవి కంటికి కానవచ్చునవి. గాయకుని కథలో ముఖ్యమైనది చెవికి మాత్రమే అందును. అది పుట్టిన చోటు ఎవ్వరికిని కానరాదు. ఒకనాటి వేకువజామున ఒంటరిగా కూర్చుండి ఒక స్వరమును నూరుసారులు దిద్దుకొను మనుష్యుని తెరపై ఎంతసేపు చూపగలరు? ప్రేక్షకుడు లేచిపోవును. అందుచేత చిత్రకారులు ఆ నూరుసారులను విడిచి, నూటయొకటవసారి పాట దివ్యముగా వచ్చిన క్షణమును మాత్రము చూపుదురు. మా విమర్శకు మూలము ఇచ్చటనే యున్నది.

ఈ విషయమునుగూర్చి మేము ఆలోచింప మొదలిడుటకు కారణము పండితగోష్ఠి కాదు. కొంతకాలము క్రిందట అమ్రాబాదులో ఒక మిత్రుని యింట కొన్ని దినములు గడపితిమి. నల్లమల యంచున నున్న ఆ పీఠభూమిపై రాత్రి తొందరగా చల్లబడును. భోజనములు ముగిసిన పిమ్మట ఇంటిల్లిపాదియు ఒకచోట చేరి టెలివిజనులో 'అన్నమయ్య' చిత్రమును చూచిరి. మేమును చూచితిమి. ఆ యింట ఎనుబది యేండ్లు దాటిన ఒక వృద్ధురాలు కలదు. ఆమె చాలసేపు చేతులు జోడించుకొని చూచి, తుదకు మనుమరాలి నడిగినది: "బిడ్డా, గా పాట ఆయనే పాడుతున్నడా?"

"లేదవ్వా. కనబడేటాయన నాగార్జున. పాడేటాయన బాలసుబ్రహ్మణ్యం."

"మరి అన్నమయ్య గొంతు ఏదే?"

మనుమరాలు నవ్వినది గాని జవాబు చెప్పలేదు. ముసలామె కొంతసేపటికి మరల అడిగినది: "పొద్దున్నుంచి మాపటిదాక పాడుతనే ఉన్నడు, ఆయనకు దూప కాదా? ఒక్కసారన్న నీళ్లడగడేంది?"

"సినిమా గదా అవ్వా!" అని అందరును నవ్విరి. మాకు నవ్వు రాలేదు. జీవితచిత్రములనుగూర్చి మేము చదివిన విమర్శలలో ఇంతకంటె మూలమును తాకిన ప్రశ్నలు మాకు కనబడలేదు. గొంతు ఎవరిది? దాహమెక్కడ? ఈ రెండింటిని పట్టుకొనియే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

మొదటి ప్రశ్న గొంతునుగూర్చినది. తాళ్లపాక అన్నమాచార్యులు 1408 మొదలు 1503 వరకు జీవించిరని చెప్పుదురు. ఆయన 32,000 సంకీర్తనలు రచించెనని ప్రతీతి. 12,000 పైగా మనకు దక్కినవి. అవి తిరుమల ఆలయమున రాగిరేకులపై చెక్కబడి శతాబ్దములు మరుగునబడి యుండి, ఇరువదవ శతాబ్దమున వెలుగు చూచినవి. రేకులపై సాహిత్యమున్నది, రాగము పేరున్నది, స్వరము లేదు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటివారు పాఠమును పరిష్కరింపగా, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు వానికి వరుసలు కట్టిరి. కావున ఈనాడు మన యిండ్లలో పాడుకొను అన్నమయ్య పాటలలో మాట ఆయనది, వరుస చాలవరకు మన కాలపు విద్వాంసులది. ముసలామె అడిగిన ప్రశ్నకు నిజమైన జవాబిది: అన్నమయ్య గొంతు లేదు, ఆయన బాణీయు లేదు, ఉన్నవి మాటలు, రాగముల పేర్లు, మన ప్రేమ.

1997లో వచ్చిన చిత్రమునకు ఇది దోషమని మేమనుట లేదు. కె. రాఘవేంద్రరావుగారి దర్శకత్వమున, కీరవాణిగారి సంగీతముతో వచ్చిన ఆ చిత్రము అన్నమయ్య పేరు తెలియని యిండ్లకు కూడ ఆయన పాటలను చేర్చినది. ఆ సంగీతమునకు జాతీయ పురస్కారమును లభించినది. బాలసుబ్రహ్మణ్యంగారి కంఠమున భక్తి యున్నది, ఆర్ద్రత యున్నది. మేము చెప్పునదేమనగా, గొంతు దొరకని గాయకుని చిత్రించుచున్నప్పుడు కళాకారునికి స్వేచ్ఛ యెక్కువ. స్వేచ్ఛ ఎక్కువైనకొలది బాధ్యతయు ఎక్కువ. ఆధారములేని చోట ఊహించుట తప్పు కాదు. ఆధారమున్న చోట దానిని విడిచి ఊహించుట తప్పు.

అన్నమయ్య విషయమున అట్టి ఆధారము ఒకటి గట్టిది కలదు. ఆయన మనుమడు చిన్నన్న, తిరువేంగళనాథుడని ప్రసిద్ధుడు, తాతగారి చరిత్రమును ద్విపదలో వ్రాసినాడు. అందులోను దైవమహిమలున్నవి, స్వామి స్వప్నమున సాక్షాత్కరించుటయు, రాజు వేయించిన సంకెలలు వీడుటయు కలవు. వానిని నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు కవిసమయముగా గ్రహింతురు. కాని ఆ గ్రంథముననే మరియొక సంగతి కలదు. ఇంటివారు బాలుని గడ్డి కోయుటకు పంపిరి. కొడవలి జారి వ్రేలు తెగినది. నొప్పితో, వైరాగ్యముతో ఆ బాలుడు ఇల్లు విడిచి తిరుమల యాత్రికులలో కలసిపోయెను. కొండ యెక్కుచు అలసి, ఆకలిగొని, సొమ్మసిల్లెను. చూడుడు, ఇదియే చలనచిత్రమునకు తగిన దృశ్యము! కోసిన గడ్డిమోపు, తెగిన వ్రేలు, ఇంటిలో మాటపడిన బాలుడు, ఆకలి. ఇందు పాండిత్యము లేదు, అద్భుతమును లేదు, ఒక మానవుడున్నాడు. చిత్రమున ఈ కొడవలికి దక్కవలసిన చోటు మరదళ్లతోడి ప్రణయగీతములకు దక్కినది. ఆకలిగొన్న బాలునికంటె అలంకరించుకొన్న యువకుడు తెరకు నిండుగా నుండుననుకొనిరి కాబోలు.

ఇపుడు కొంత వెనుకకు పోవుదము. 1946లో చిత్తూరు నాగయ్యగారు 'త్యాగయ్య' చిత్రమును తీసిరి. నిర్మాణభారమును వహించి, దర్శకత్వము చేసి, సంగీతము కూర్చి, వేషము ధరించి, పాటయు తామే పాడిరి. త్యాగరాజస్వామి 1767లో పుట్టి 1847లో సిద్ధిపొందిరి. ఆయన శతవర్ధంతికి ఒక యేడు ముందు వచ్చిన చిత్రమది. త్యాగరాజుని గొంతు ఎట్లుండెనో ఎవరికిని తెలియదు. కాని ఆయన శిష్యపరంపర తెగలేదు. గురుముఖముగా కీర్తనలు నిలిచినవి. వాలాజాపేట శిష్యులు వ్రాతప్రతులను భద్రపరచిరి. అన్నమయ్యకు లేని భాగ్యము ఇది.

నాగయ్యగారి చిత్రమున ఒక సుగుణమును మేము ప్రత్యేకముగా గణింతుము. పాడువాడును కనిపించువాడును ఒక్కరే. ఊపిరి పీల్చుకొనుటకు ఛాతీ ఎప్పుడు పొంగునో, పల్లవి కడపట కన్ను ఎప్పుడు మూతపడునో, అది నటన కాదు, పాటయొక్క శరీరమది. పెదవి కదిలించు నటుడు మాటను అనుకరింపగలడు; ఊపిరిని అనుకరించుట దుష్కరము. ముసలామె అడిగిన దాహము ఇచ్చట కొంత కనబడును. చిత్రమున మహిమలున్నను, పాత నాటకపు వాసన యున్నను, ఆ ముఖమున అలసట యున్నది. అలసట యున్నచోట మనిషి యున్నాడు.

చిత్రమేమనగా, అదే 1946లో అమెరికా దేశమున ఆల్ జోల్సన్ అను గాయకుని జీవితకథ తెరకెక్కినది. అప్పటికి జోల్సన్ జీవించియే యున్నాడు. పాత్ర ధరించినవాడు లారీ పార్క్స్ అను యువనటుడు. పాటలు మాత్రము జోల్సన్ స్వయముగా పాడినవే. ఇచ్చట గొంతు అసలుది, ముఖము ఎరువుది. నాగయ్యగారి చిత్రమున ముఖము, గొంతు రెండును ఎరువువే, కాని రెండును ఒకే మనిషివి. ఈ రెండు మార్గములును నేటికిని నడచుచున్నవి. 1980లో లొరెట్టా లిన్ అను గాయని కథలో నటించిన సిసీ స్పేసెక్ పాటలు తానే పాడినది. 2007లో ఫ్రెంచి గాయని ఎదీత్ పియాఫ్ పాత్ర ధరించిన మారియాఁ కోటియార్ పాటలకు పెదవి మాత్రము కలిపినది. ఇరువురికిని ఆస్కారు పురస్కారము లభించినది. కావున గొంతు ఎవరిదన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. ఏ మార్గమున పోయినను, గొంతునకును శరీరమునకును నడుమ అతుకు కనబడకుండ చేయగలిగిన పరిశ్రమ మాత్రము తప్పదు.

గొంతు భద్రమైయున్న గాయకుని విషయమున ఈ చిక్కు మరింత బిగియును. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గొంతు ఎరుగని తెలుగువాడెవడు? 1974లో ఆయన గతించినను ప్రతి పల్లెలోను ఆ కంఠము తెల్లవారుజామున మేలుకొలుపుచునే యున్నది. ఆయన పాత్రధారి ఏ కొత్త గొంతుతో పాడినను వినువాడు "ఇది కాదు" అనును. అసలు గొంతునే వినిపించినచో చూచువాడు "వీడు కాడు" అనును. పైగా 1960లో వచ్చిన 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యము'లో ఆయనయే స్వయముగా తెరపై కూర్చుండి పాడినారు. ఆ దృశ్యమున ఆయన హస్తాభినయము లేదు, కనుబొమల విన్యాసము లేదు. సన్నిధిలో నిశ్చలముగా కూర్చుండి పాడు గృహస్థుడున్నాడు. ఏ నటుడు చేసినను అంతకంటె ఎక్కువ చేయును. ఎక్కువ చేయుటయే ఇచ్చట లోపమగును.

అట్లయిన ఘంటసాలవారి కథను చెప్పరాదా? చెప్పవచ్చును, చెప్పవలయును. కాని పాటను ప్రధానముగా చేసికొని కాదు. పాట మనయొద్ద నున్నది, గ్రామఫోను రికార్డుపై నున్నది. దానిని చిత్రము కొత్తగా ఇచ్చుట లేదు. మనయొద్ద లేనిది పాటకు ముందటి కథ. బాల్యముననే తండ్రిని కోల్పోయి, విజయనగరమున సంగీతకళాశాలలో చదువుకొనుచు, జోలె పట్టి మధుకరమునకు పోయిన బాలుడు కలడు. పట్రాయని సీతారామశాస్త్రిగారను గురువు ఆయనను ఆదరించి విద్య నేర్పినారు. 1942 ఉద్యమమున చెరసాలకు పోయిన యువకుడు కలడు. 'స్వర్గసీమ'లో పాట దొరకువరకు మదరాసు వీథులలో తిరిగిన నిరుద్యోగి కలడు. ఒక విద్యార్థి అన్నపుజోలెతో ఏ గడపలో నిలిచెను, ఏ గృహిణి పెట్టెను, ఏ గృహిణి పొమ్మనెను? ఇది చూపిన చిత్రము పాటను మరల వినుటకు మనకు కొత్త చెవి నిచ్చును. జీవితచిత్రముయొక్క ధర్మము ఇదియే యని మా యభిప్రాయము: అది గాయకుని పాట నిచ్చుటకు కాదు, ఆ పాట ఎంత వెలకు వచ్చినదో తెలుపుటకు.

ముఖమునుగూర్చి ఒక మాట చెప్పి ముందుకు సాగుదము. 1980లో విశ్వనాథ్‌గారి 'శంకరాభరణము' దేశమంతట మ్రోగినది. అందలి శంకరశాస్త్రి కల్పితుడు. అయినను జె. వి. సోమయాజులుగారి ముఖమున, బాలసుబ్రహ్మణ్యంగారి కంఠమున ఆ కల్పితుడు నిజమైన విద్వాంసునివలె జనహృదయమున నిలిచెను. మరుసటి సంవత్సరమే బాపుగారు 'త్యాగయ్య' తీయుచు అదే సోమయాజులుగారిని త్యాగరాజుగా చూపిరి. ప్రేక్షకుడు చూచినది ఎవరిని? చాలమంది శంకరశాస్త్రినే చూచిరి. ఎన్నడును లేని శాస్త్రి, నిజముగా నుండిన త్యాగరాజును కప్పివేసెను! కల్పితుని విషయమున రచయిత నిర్భయుడు. అతనికి కోపమీయవచ్చును, పట్టుదల ఈయవచ్చును, ఓటమి ఈయవచ్చును. దేవదాసీ కులమున పుట్టిన తులసితో గురుశిష్యబంధమును కల్పించి, లోకుల నిందను అతని నెత్తిన వేయవచ్చును. మహాపురుషుని విషయమున చేతులు వణకును. భక్తి కలమును పట్టుకొనును. తప్పు చేయని త్యాగరాజుకంటె తప్పు చేయగల శంకరశాస్త్రి మనకు దగ్గరివాడగుటకు కారణమిది.

భక్తివలన కలుగు నష్టము అంతటితో పోదు. అది ఇంటిలోని స్త్రీల చరిత్రమును మ్రింగివేయును. ఈ పత్రికను చదువు సోదరీమణులు ఈ సంగతిని గమనింపవలయును. అన్నమయ్య భార్య తిమ్మక్క ఎవరు? 'సుభద్రాకల్యాణము' రచించిన కవయిత్రి. తెలుగున తొలి కవయిత్రియని సాహిత్యచరిత్రకారులు పలువురు ఆమెను పేర్కొందురు. భర్త పాట కట్టుచున్న యింటిలో భార్య కావ్యము వ్రాయుచున్నది! ఐదువందల యేండ్ల క్రిందటి తెలుగింటిలో ఇంతకంటె ఆశ్చర్యకరమైన దృశ్యమేమి కలదు? వంట ముగించి ఆమె ఎప్పుడు వ్రాసెను? తాటాకు ఎవరిచ్చిరి? వ్రాసినది మొదట ఎవరికి చదివి వినిపించెను? చిత్రమున తిమ్మక్క కలదు. సుందరి యగు మరదలిగా కలదు, ప్రణయినిగా కలదు, పతివ్రతగా కలదు. కవయిత్రిగా మాత్రము ప్రేక్షకుని మనసున ఆమె నిలువదు. చిత్రము ముగిసిన పిమ్మట ఆ యింటి మనుమరాలికి ఈ సంగతి చెప్పితిమి. పదవ తరగతి చదువుచున్న ఆ పిల్ల నివ్వెరపోయి, "ఇది చూపిస్తే బాగుండు గదా!" అన్నది. ఒక బాలికకు కలుగవలసిన ధైర్యము ఆ చిత్రమున ఎంత తేలికగా జారిపోయినదో చూడుడు. దీనికి మహిమలు అక్కరలేదు, ధనము అక్కరలేదు. ఒక దీపము, ఒక గంటము, తాటాకు చాలును.

త్యాగరాజు విషయమునను అంతే. మొదటి భార్య పార్వతి గతింపగా ఆమె చెల్లెలు కమలాంబను ఆయన వివాహమాడెను. ఉంఛవృత్తితో వచ్చిన గుప్పెడు బియ్యముతో ఇంటిని, శిష్యులను పోషించినది ఆ యిల్లాలు. రాజుగారి ఆహ్వానమును త్యాగరాజు తిరస్కరించిన కథను చిత్రములు గొప్పగా చెప్పును, చెప్పదగినదే. కాని తిరస్కరించిన నాటి రాత్రి పొయ్యిలో ఏమున్నదో చూపిననే ఆ తిరస్కారమునకు బరువు. త్యాగము ఒకరు చేయుదురు. ఆకలి ఇద్దరు పడుదురు.

ఆయన సమాధి పాడుపడి యుండగా, దానికి ఆలయము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. దేవదాసీ కులమున పుట్టిన విదుషి. తిరువయ్యారు ఉత్సవమున స్త్రీలను పాడనీయని దినములలో ఆమె 1927 నుండి స్త్రీలకు వేరుగా ఆరాధన జరిపించి, తుదకు అందరును ఒకచోట పాడునట్లు చేసినది. ముద్దుపళని కావ్యమగు 'రాధికా సాంత్వనము'ను 1910లో పరిష్కరించి ప్రకటించి, ప్రభుత్వనిషేధమునకు గురియైనది. ఆ నిషేధము 1947లో గాని తొలగలేదు. గాయని, పండితురాలు, పట్టుదల గలది. ఆమె కథను తెరకెక్కించువాడు రెండు గోతులను తప్పించుకొనవలయును. ఆమె పుట్టుకను దాచి ఆమెను కులస్త్రీగా దిద్దుట ఒక గొయ్యి. ఆ పుట్టుకనే వలగా చేసి శృంగారదృశ్యములను అమ్ముకొనుట రెండవ గొయ్యి. నడుమ నున్న త్రోవ సన్నము. ఆ త్రోవలో నడిచిన చిత్రము నిజమైన సంస్కారచిత్రమగును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రాగలదు. "గతించినవారి లోపములను తవ్వుట ఎందుకు? వారి బిడ్డలు, మనుమలు ఉన్నారు గదా?" అని మర్యాదస్థులు అడుగుదురు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. 2018లో నటి సావిత్రిగారి జీవితముపై 'మహానటి' వచ్చినప్పుడు, అందు చూపబడిన ఒకరి కుటుంబమునుండి తమ తండ్రిని సరిగా చూపలేదన్న బాధ బయలుదేరినది. ఒకరి సత్యము మరియొకరికి గాయము. మేము దీనికి ఒక కొలత చెప్పుదుము. లోపము వలన కళ మారినదా, మనుష్యుల బ్రదుకులు మారినవా? మారినయెడల చూపవలయును. ఊరక చెవులు కొరుక్కొనుటకు మాత్రమే పనికివచ్చు సంగతియైనచో విడువవలయును. చూపునప్పుడును తీర్పరివలె కాక, ఇంటిలోని మనిషివలె చూపవలయును. మన యిండ్లలో అన్నదమ్ముల తప్పులను మనమెట్లు చెప్పుకొందుమో అట్లు: దాచకయు, చాటింపకయు.

కడపటి కష్టము కథను ఎచ్చట ముగింపవలయునన్నది. అన్నమయ్య చిత్రము దేవునిలో లీనమగుటతో ముగియును, త్యాగయ్య కథ సమాధితో ముగియును. ఇవి సంప్రదాయమిచ్చిన ముగింపులు. నేటి గాయకుని కథకు పురస్కారసభ ముగింపగును: వేదిక, శాలువ, చప్పట్లు. మేమున్న అమ్రాబాదునకు దూరము కాని లింగాల మండలమున అవుసలికుంట యను గ్రామము కలదు. అది కిన్నెర మొగులయ్యగారని పేరుపొందిన దర్శనం మొగులయ్యగారి ఊరు. ఎండిన సొరబుర్రలు, వెదురు, తేనెమైనము మొదలగువానితో కట్టిన పండ్రెండు మెట్ల కిన్నెరను భుజమున మోసికొని, పండుగ సాయన్న వంటి పాలమూరు వీరుల కథలను పాడుచు ఆయన బ్రదికిరి. 'భీమ్లానాయక్' చిత్రపు పాటకు మొదట వినిపించు గొంతు ఆయనది. 2022లో భారతప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. చలనచిత్రకారుడు కథను అచ్చటనే ముగించును, దీపములు వెలుగును, మనమందరము కన్నులు తుడుచుకొని ఇంటికి పోవుదుము. కాని జీవితము అచ్చట ముగియలేదు. రెండేండ్లు గడచిన పిమ్మట, 2024లో, ఆయన కూలిపనికి పోవలసివచ్చినదని పత్రికలలో చదివితిమి. పురస్కారము తరువాతి ఆ ఉదయమును చూపగల ధైర్యము ఏ చిత్రమునకు కలదో, దానినే మేము జీవితచిత్రమందుము.

మొగులయ్యగారి మాట వచ్చినప్పుడు ఆ యింటి వృద్ధురాలు తన చిన్ననాటి సంగతి చెప్పినది. ఆమె పుట్టింటి వాకిటికి కిన్నెర వాయించువారు వచ్చెడివారట. తీగె సవరించుకొని, ఒక్కొక్కప్పుడు అర్ధరాత్రి వరకు కథ చెప్పెడివారట. "పాటకు ముందు నీళ్లడుగుతుండె. నడుమ మళ్ల అడుగుతుండె. పాడేటోళ్లకు దూప ఎక్కువ బిడ్డా," అన్నది. కొంతసేపు ఊరకుండి, ఎవరి ముఖమును చూడక ఇట్లన్నది: "మేం చెంబు చేతికియ్యకపోతుంటిమి. ఎత్తి దోసిట్ల పోస్తుంటిమి. సగం నీళ్లు మోచేతులెంబడి కారిపోతుండె. నాకు ఆ పాట యాదికి లేదు. ఆ నీళ్లు యాదికున్నయి."

ఎవరును నవ్వలేదు. మనుమరాలు అవ్వ చేయి పట్టుకొన్నది.

మేమప్పుడు గ్రహించిన దేమనగా, గాయకుని జీవితచిత్రమున గాయకుడొక్కడే పాత్ర కాదు. వినిన మనమును పాత్రలమే. మన చిత్రములలో శ్రోతలు ఎల్లప్పుడు చప్పట్లు కొట్టువారు, కన్నీరు కార్చువారు, పూలు చల్లువారు. అది మనకు మనము చేసికొను స్తోత్రము. పాటకు తలయూచి, పాడినవానిని గడప దాటనీయని శ్రోత ఏ చిత్రమున కలడు? విద్యార్థి జోలెలో మెతుకు వేయక, అతడు పెద్దవాడైన పిదప అతని పటమునకు దండ వేయు శ్రోత ఏ చిత్రమున కలడు? కవయిత్రి పేరు మరచి, ఆమె భర్త పాటను నిత్యము పాడుకొను శ్రోత ఏ చిత్రమున కలడు? వీరిని చూపనంతవరకు గాయకుని ఔన్నత్యము కూడ మనకు తెలియదు. అతడు దేనిని దాటి పాడెనో కనబడనిదే, ఎంత యెత్తున పాడెనో ఎట్లు తెలియును?

చలనచిత్రకారులకు మేము చేయు మనవి చిన్నది. మహిమలు చూపుడు, మాకు అభ్యంతరము లేదు. మన తాతలనాటి గ్రంథములే వానిని చెప్పినవి. పాటలు వినిపింపుడు, విని ధన్యులమగుదుము. కాని ప్రతి చిత్రమున ఒక్కసారి గాయకునికి దాహమగునట్లు చేయుడు. అతడు నీళ్లడుగవలయును, ఎవరో ఒకరు ఇయ్యవలయును. ఆ నీళ్లు చెంబుతో ఇచ్చిరా, దోసిట పోసిరా, అసలు ఇచ్చిరా లేదా యన్నది నిజముగా చూపుడు. మిగిలిన కథ తనంతట తానే తెరపైకి వచ్చును.

పాఠకులకును ఒక మాట. మీ యింట ఇట్టి చిత్రమును చూచునప్పుడు ముసలివారిని పిల్లల ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. పిల్లలకు తెరపైని గొంతు ఎవరిదో తెలియును. ముసలివారికి వాకిట నిలిచిన గొంతు ఎవరిదో తెలియును. ఆ రెండు తెలివులు ఒకచోట కూడిననే ఒక గాయకుని జీవితము మనకు పూర్తిగా అందును.